పాత వాల్వు ఆంప్లిఫయరు: చూసి, చదివి, కొనడం ఎలా?



మైక్ సెట్ చప్పుడు వినకుండా పెరిగినవాళ్లు మన పాత చిత్తూరు జిల్లాలో ఉండరు. తిరుపతి గంగ జాతరైనా, ధర్మరాజుల తిరునాళ్లైనా, పల్లెలో పెళ్లైనా, చర్చిలో క్రిస్మస్ అయినా, ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి అయినా ముందుగా ఊళ్లోకి దిగేది మైక్ సెట్టే. మన పెద్దల కాలంలో ఆ మైక్ సెట్లో వాల్వు ఆంప్లిఫయరు ఉండేది. స్విచ్ వేసిన వెంటనే పలికేది కాదు. లోపల గాజు బుడ్లు నిదానంగా ఎర్రబడ్డాక 'గుమ్' మని ఒక శబ్దం వచ్చేది. ఆ తర్వాతే పాట మొదలయ్యేది.

ఇప్పుడు ఆ పెట్టెలు చాలావరకు గుజిరీ అంగళ్లకు చేరిపోయాయి. అయితే ఈ మధ్య గిటారు వాయించే పిల్లలు వాటిని వెతుక్కుంటూ తిరుగుతున్నారు. మన హాస్టళ్లలోనూ గిటారు పట్టినవాళ్లు తక్కువేమీ కాదు. ఊరి చర్చిలో నేర్చుకున్నవాళ్లున్నారు, పాటల బృందాల్లో తిరిగి నేర్చుకున్నవాళ్లున్నారు. చదువు ముగించి ఉద్యోగంలో చేరిన అన్నలు కూడా "పాత వాల్వు సెట్టు ఒకటి కొందామనుకుంటున్నాం, ఏం చూసి కొనాలి?" అని మమ్మల్ని అడుగుతున్నారు. పీజీలో ఎలక్ట్రానిక్స్ చదివినందుకు ఈ ప్రశ్నకు జవాబు చెప్పే బాధ్యత మా మీద పడింది.

ఇందులో రెండు విషయాలున్నాయి. ఒకటి డబ్బు. మనలో చాలామందికి అది స్కాలర్‌షిప్పు డబ్బో, మొదటి జీతమో అయి ఉంటుంది. రెండోది ప్రాణం. వాల్వు సెట్టు లోపల 300 నుంచి 450 వోల్టుల దాకా, కొన్నిట్లో అంతకన్నా ఎక్కువ డి.సి. కరెంటు ఉంటుంది. అందుకే అమ్మేవాడి మాట వినేముందు పెట్టె మీద, లోపల ఏం రాసి ఉందో చదవడం నేర్చుకోవాలి.

వాల్వు అంటే ఏమిటి?

బావిలో మోటారు పైపు అడుగున ఫుట్‌వాల్వు ఉంటుందని మనందరికీ తెలుసు. అది నీళ్లను పైకి రానిస్తుంది గానీ వెనక్కి పోనివ్వదు. 1904లో ఇంగ్లండులో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ తయారుచేసిన గాజు బుడ్డి కరెంటు విషయంలో సరిగ్గా ఇదే పని చేసింది. గాలి తీసేసిన బుడ్డిలో ఒక తీగ వేడెక్కితే ఎలక్ట్రాన్లు బయలుదేరి ఎదురుగా ఉన్న ప్లేటు వైపు పోతాయి. తిరిగి రాలేవు. అందుకే దానికి వాల్వు అని పేరు పెట్టారు. అమెరికావాళ్లు ట్యూబ్ అంటారు.

1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ తీగకూ ప్లేటుకూ మధ్య ఒక జల్లెడ లాంటిదాన్ని పెట్టాడు. దాన్ని గ్రిడ్ అంటారు. ఇది బోరు పైపుకు పెట్టిన గేటువాల్వు లాంటిది. చేత్తో కొద్దిగా తిప్పితే పెద్ద ధార తగ్గుతుంది, పెరుగుతుంది. అలాగే గ్రిడ్ మీద చిన్న సంకేతం మారితే ప్లేటు వైపు పోయే పెద్ద కరెంటు దానికి తగ్గట్టు మారుతుంది. ఆంప్లిఫయరు సూత్రమంతా ఇంతే.

1947లో అమెరికాలోని బెల్ లేబొరేటరీలో ట్రాన్సిస్టర్ పుట్టింది. అది చిన్నది, చవక, వేడి తక్కువ. రేడియోలు, మైక్ సెట్లు క్రమంగా దానికి మారిపోయాయి. మన దేశంలో మాత్రం వాల్వులు చాలాకాలం నడిచాయి. 1954లో ఏర్పడిన బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. పాత సెట్లు విప్పితే 'బి.ఇ.ఎల్.' ముద్ర ఉన్న వాల్వులు కనిపించేది అందుకే.

గిటారుకు ఇదెందుకు?

ఎలక్ట్రిక్ గిటారులో తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి తీగ చుట్ట ఉంటాయి. దాన్ని పికప్ అంటారు. తీగ కదిలితే అందులో చాలా చిన్న కరెంటు పుడుతుంది. అది స్పీకరును కదిలించాలంటే ఆంప్లిఫయరు కావాలి.

ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయరు తన శక్తికి మించి సంకేతం ఇస్తే తరంగం కొనను కత్తితో కోసినట్టు కోసేస్తుంది. వాల్వు అలా కోయదు. కొనను నిదానంగా వంచుతుంది. దానివల్ల అసలు స్వరానికి దాని పై స్వరాలు కొన్ని తోడవుతాయి. మెల్లగా మీటితే స్వచ్ఛంగా, గట్టిగా మీటితే కొంచెం బొంగురుగా పలికే ఆ గుణమే గిటారువాళ్లకు ఇష్టం. అంటే ఎలక్ట్రిక్ గిటారుకు ఆంప్లిఫయరు కూడా వాద్యంలో భాగమే. మన తెలుగువాడు, పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ (1969-2014) సంగతి చూడండి. మాండలిన్ నాదం త్వరగా ఆగిపోతుంది. దాని మీద కర్ణాటక సంగీతంలోని గమకాలు పలికించడానికి ఆయన ఎన్నుకున్నది ఎలక్ట్రిక్ మాండలిన్‌నే.

విదేశాల్లో ఈ ఆంప్లిఫయర్లకు పేరు తెచ్చినవాళ్లలో ముఖ్యుడు కాలిఫోర్నియాకు చెందిన లియో ఫెండర్. రేడియోలు బాగుచేసే అంగడితో మొదలైన మనిషి. 1962లో లండన్‌లో డ్రమ్ముల అంగడి నడిపే జిమ్ మార్షల్, ఆయన దగ్గర పనిచేసేవాళ్లు కలిసి ఫెండర్ 'బేస్‌మ్యాన్' సర్క్యూటును దగ్గర పెట్టుకుని, అక్కడ దొరికే సామానుతో తమ మొదటి ఆంప్లిఫయరు తయారుచేశారు. మన ఊళ్లలో రేడియో మెకానిక్కులు ఉన్న సామానుతో మైక్ సెట్లు కట్టినట్టే వాళ్లూ కట్టారు. మనవాళ్ల పనికి పేరు రాలేదు, అంతే తేడా.

మన వైపు దొరికేవి ఏవి?

మూడు రకాలు దొరుకుతాయి.

మొదటిది, మైక్ సెట్ వాల్వు ఆంప్లిఫయరు. 1940లో ఢిల్లీలో మొదలైన అహూజా కంపెనీ సెట్లు అందరికీ తెలిసినవే. పేరు లేకుండా స్థానికంగా కట్టినవీ ఉంటాయి. కొన్ని ఊళ్లలో పద్దెనిమిది దినాలు జరిగే భారతంలో పగలు హరికథ, రాత్రి వీధినాటకం తెల్లవార్లూ మోసినవి ఇలాంటి సెట్లే. వాటిని గట్టిగా కట్టారు. మన అవసరానికి అన్నిటికన్నా అనువైనది ఈ రకమే.

రెండోది, వాల్వు రేడియో. మర్ఫీ, ఫిలిప్స్, బుష్, హెచ్.ఎం.వి. లాంటివి. వీటిలో కొన్నిటికి వెనుక గ్రామఫోన్ తగిలించే రంధ్రాలుంటాయి. "అందులో గిటారు పెట్టుకోవచ్చు" అని అమ్మేవాళ్లు చెబుతారు. కొన్నిటిలో పెట్టవచ్చు. కొన్నిటిలో పెడితే ప్రాణం పోతుంది. ఆ తేడా కింద వివరిస్తాం.

మూడోది, విదేశీ గిటారు ఆంప్లిఫయరు. ఫెండర్, మార్షల్, వాక్స్ లాంటివి. తిరుపతిలో అరుదు. చెన్నై, బెంగళూరుల్లో చేతులు మారుతుంటాయి. ధర ఎక్కువ కాబట్టి మోసమూ ఎక్కువే.

బయటి నుంచి చూడవలసినవి

ముందు ఎత్తి చూడండి. వాల్వు సెట్టు బరువుగా ఉండాలి. ఆ బరువంతా రెండు ట్రాన్స్‌ఫార్మర్లది. కరెంటు తీసుకునేది ఒకటి, స్పీకరుకు ఇచ్చేది ఒకటి. దాన్ని ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ అంటారు. పెట్టె పెద్దదై బరువు లేకుంటే ఏదో ఒకటి పీకేసినట్టే. గుజిరీ అంగళ్లలో రాగి కోసం ముందు పీకేది ట్రాన్స్‌ఫార్మర్లనే.

తర్వాత ముక్కుతో చూడండి. కాలిన వాసన, ట్రాన్స్‌ఫార్మర్ కింద కారి గడ్డకట్టిన తారు లేక మైనం ఉంటే అది ఒకసారి బాగా కాలిందని అర్థం.

వెనుక పలక మీద రాతలు చదవండి. స్పీకరు దగ్గర 4, 8, 16 ఓములు అని ఉంటుంది. మైక్ సెట్లలో 100 వోల్టుల లైన్ అని కూడా ఉంటుంది. అది దూరదూరంగా చాలా హారన్లు కట్టడానికి. గిటారు స్పీకరును ఓముల దగ్గరే తగిలించాలి. ఇన్‌పుట్ వైపు గ్రామఫోన్ లేక క్రిస్టల్ మైకు కోసం పెట్టిన రంధ్రం గిటారుకు సాధారణంగా సరిపోతుంది.

విదేశీ సెట్టయితే ఎన్ని వోల్టులకు చేసిందో చూడండి. అమెరికా సెట్టు 110-120 వోల్టులది. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. దానికి వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ వేరుగా కొనాలి. ఆ ఖర్చు కూడా ధరలో కలుపుకోవాలి.

వాల్వు పేరు చదవడం

వాల్వు మీద ఉన్న పేరు గొణుగుడు మంత్రం కాదు. అది ఒక చిరునామా. ఐరోపా పద్ధతిలో మొదటి అక్షరం లోపలి హీటరు తీగ గురించి చెబుతుంది. 'ఇ' అంటే 6.3 వోల్టులు. 'జి' అంటే 5 వోల్టులు. 'డి' అంటే బ్యాటరీతో నడిచే 1.4 వోల్టుల రకం. 'యు' అంటే 100 మిల్లీ ఆంపియర్ల మీద వరుసగా కలిపే రకం.

తర్వాతి అక్షరం చేసే పని చెబుతుంది. 'సి' అంటే ట్రయోడ్. 'సిసి' అని ఉంటే ఒకే బుడ్డిలో రెండు ట్రయోడ్లు. 'ఎఫ్' అంటే చిన్న పెంటోడ్. 'ఎల్' అంటే స్పీకరును నడిపే పవర్ పెంటోడ్. 'జెడ్' అంటే ఎ.సి.ని డి.సి.గా మార్చే ఫుల్‌వేవ్ రెక్టిఫయర్. 'ఎమ్' అంటే రేడియోల్లో పచ్చగా వెలిగే మ్యాజిక్ ఐ.

అంకెలు కాళ్ల అమరిక చెబుతాయి. 3తో మొదలైతే ఎనిమిది కాళ్ల పెద్ద ఆక్టల్ వాల్వు. 8తో మొదలైతే తొమ్మిది కాళ్ల చిన్న వాల్వు. 9తో మొదలైతే ఏడు కాళ్లది.

ఇప్పుడు 'ఇఎల్ 84' చదవండి. 6.3 వోల్టులు, పవర్ పెంటోడ్, తొమ్మిది కాళ్లు. 'ఇసిసి 83' అంటే తొమ్మిది కాళ్లలో రెండు ట్రయోడ్లు. 'జిజెడ్ 34' అంటే 5 వోల్టుల రెక్టిఫయర్, ఆక్టల్. డేటా బుక్కు లేకుండానే ఇంత తెలుస్తుంది.

అమెరికా పేర్లలో మొదటి అంకె హీటరు వోల్టేజి. 6 ఎల్ 6 (ఇది 1936లో వచ్చింది), 6 వి 6 రెండూ 6.3 వోల్టుల పవర్ వాల్వులు. ఒకే వాల్వుకు రెండు పేర్లూ ఉండవచ్చు. ఇసిసి 83నే 12 ఎఎక్స్ 7 అంటారు. ఇఎల్ 84కు 6 బిక్యు 5 అని, ఇఎల్ 34కు 6 సిఎ 7 అని రెండో పేరు. "ఇది దొరకదు, అది వేరే" అని ఎవరైనా చెబితే ఈ జంటలు గుర్తుంచుకోండి.

పవర్ వాల్వులను లెక్కపెడితే సెట్టు శక్తి తెలుస్తుంది. 6 వి 6 గానీ ఇఎల్ 84 గానీ ఒకటే ఉంటే సుమారు 5 వాట్లు. ఇఎల్ 84లు రెండుంటే 15 వాట్ల చుట్టుపక్కల. 6 ఎల్ 6 లేక ఇఎల్ 34 జత అయితే 30 నుంచి 50 వాట్ల దాకా. గదిలో సాధనకు 5 వాట్లే ఎక్కువ. "100 వాట్లు సార్" అన్నాడని రెండు ఇఎల్ 84లున్న పెట్టెకు ఎక్కువ డబ్బు ఇవ్వకండి.

కొన్ని పాత సెట్లలో 807 అనే పొడుగు వాల్వు ఉంటుంది. 6 ఎల్ 6కు దగ్గరి చుట్టం. దాని నెత్తి మీద ఒక టోపీ, దానికి ఒక తీగ ఉంటాయి. ఆ టోపీ మీదే అసలైన హై వోల్టేజి ఉంటుంది. సెట్టు నడుస్తున్నప్పుడు ముట్టుకోకూడదు.

వాల్వు బాగుందో లేదో కొంతవరకు కంటితోనే తెలుస్తుంది. గాజు లోపల అద్దంలా మెరిసే మచ్చ ఉండాలి. లోపల మిగిలిన గాలిని పీల్చడానికి పెట్టింది అది. ఆ మచ్చ పాలలా తెల్లబడితే లోపలికి గాలి చేరింది, వాల్వు పోయింది. నడుస్తున్నప్పుడు లోపలి ప్లేటు ఎర్రగా కాలుతుంటే వెంటనే ఆపేయాలి.

మొదటి అక్షరం 'యు' అయితే...

ఈ భాగం మాత్రం దయచేసి రెండుసార్లు చదవండి.

కొన్ని రేడియోలు ఎ.సి., డి.సి. రెండింటి మీద నడిచేలా చేశారు. వాటిలో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. యుసిహెచ్ 81, యుబిఎఫ్ 89, యుఎల్ 84, యువై 85 లాంటి వాల్వుల హీటర్లన్నీ దండలా వరుసగా కలిపి నేరుగా కరెంటుకు తగిలిస్తారు. దాంతో లోపలి ఇనుప చట్రం, అంటే ఛాసిస్, నేరుగా లైనుకు కలిసి ఉంటుంది. ప్లగ్గు ఒకవైపు పెడితే చట్రం మీద న్యూట్రల్, తిప్పి పెడితే ఫేజు. చెక్కపెట్టె, ప్లాస్టిక్ మీటలు ఉన్నంతవరకు పాటలు వినేవాడికి అది తగలదు. గిటారు తగిలిస్తే మాత్రం కేబులు పైతొడుగు చట్రానికి కలుస్తుంది, గిటారు ఇనుప తీగలు ఆ పైతొడుగుకు కలుస్తాయి. అంటే 230 వోల్టులు మన వేళ్ల కింద ఉంటాయి. మన పాదాలు తడి నాపరాళ్ల మీద ఉంటాయి.

మేము పీజీ చదివేటప్పుడు నలుగురం కలిసి ఒక సెట్టు కొనాలని తిరిగాం. ఒక గుజిరీ అంగట్లో చక్కని చెక్కపెట్టె రేడియో చూపించారు. ధర మా చేతికి అందేంతే. పాట కూడా పలికింది. మాలో గిటారు వాయించే మిత్రుడికి అది బాగా నచ్చింది. వెనుక అట్ట విప్పి టార్చి వేసి చూస్తే యుఎల్ 84, యువై 85. ట్రాన్స్‌ఫార్మర్ జాడే లేదు. అంగడి ఆయన "ఎంతమందో కొంటా ఉండారు, ఏం కాదు" అన్నాడు. మేము నమస్కారం పెట్టి వచ్చేశాం. ఆయన అబద్ధం చెప్పాడని అనలేం. ఆయనకు ఆ అక్షరం చదవడం తెలియదు. మనకు తెలియాలి.

వాల్వు రేడియో కొంటే పాటలకు ఉంచుకోండి. మొదటి అక్షరం 'యు' అయితే మాత్రం గిటారు తగిలించవద్దు.

ఏ సంవత్సరంది?

"1959 మోడల్" అని అమ్మేవాళ్లకు కొదవ లేదు. సంవత్సరం కనుక్కోవడానికి ఒక సూత్రముంది. సెట్టు వయసు అందులోని అసలు భాగాల్లో అన్నిటికన్నా కొత్తదానికన్నా పాతది కాలేదు.

అమెరికా సెట్లలో వాల్యూమ్ మీట వెనుక, అంటే పొటెన్షియోమీటర్ మీద, అంకెలు కొట్టి ఉంటాయి. మొదటి మూడు అంకెలు తయారీదారువి. 137 అంటే సి.టి.ఎస్. కంపెనీ. తర్వాత సంవత్సరం, వారం. ఉదాహరణకు 137 6633 అంటే సి.టి.ఎస్. వాళ్లు 1966లో 33వ వారంలో చేసింది. అలాంటి మీట ఉన్న పెట్టె, ఆ మీట మార్చింది కాకపోతే, 1959ది ఎలా అవుతుంది? స్పీకరు మీద కూడా ఇదే పద్ధతి. 220 అంటే జెన్సన్ కంపెనీ. ట్రాన్స్‌ఫార్మర్ మీద 606 అంటే షూమాకర్.

1950ల నుంచి 1967 వరకు చాలా ఫెండర్ సెట్ల లోపల అంటించిన వాల్వుల పట్టిక కాగితం మీద రెండక్షరాల రబ్బరు ముద్ర ఉంటుంది. మొదటిది సంవత్సరం, రెండోది నెల. 'ఎ' 1951తో మొదలవుతుంది. ఆ లెక్కన 'ఎన్' 1964, 'కె' నవంబరు. అంటే 'ఎన్‌కె' 1964 నవంబరు. ముందు పలక నల్లగా ఉన్న 1960ల నడిమి సెట్లకు గిరాకీ ఎక్కువ. 1968 నుంచి పలక వెండి రంగులోకి మారింది. వెండి పలక తీసి నల్ల పలక బిగించి అమ్మడం కష్టమైన పనేం కాదు. అందుకే పలకను చూసి మోసపోకుండా లోపలి అంకెలు చూడాలి.

వాల్వుల మీదా ఇలాంటి గుర్తులుంటాయి. ఇంగ్లండులో బ్లాక్‌బర్న్ మల్లార్డ్ ఫ్యాక్టరీ వాల్వు గాజు కింది అంచున చెక్కినట్టు సన్నని అక్షరాలుంటాయి. 'బి' అంటే బ్లాక్‌బర్న్, తర్వాతి అంకె సంవత్సరం చివరి అంకె, తర్వాతి అక్షరం నెల. పైన అచ్చేసిన పేరు బొటనవేలితో రుద్దినా పోతుంది, మళ్లీ అచ్చేయవచ్చు కూడా. గాజులో ఉన్న గుర్తును అలా మార్చలేరు.

మన మైక్ సెట్లకు ఇలాంటి పద్ధతులు అంతగా పనికిరావు. అక్కడ టంకం చూడాలి. పాత టంకం మసకబారి, దుమ్ము పట్టి ఉంటుంది. మెరిసే టంకం ఉన్నచోట ఈ మధ్య చెయ్యి పడింది. ఏం మార్చారో, ఎందుకు మార్చారో అడగండి.

స్విచ్ వేసేముందు

ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న సెట్టును ఇంటికి తేగానే ప్లగ్గులో పెట్టకూడదు. లోపలి కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. అవి షార్టయితే ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా తీసుకుపోతాయి.

మన ఎలక్ట్రీషియన్ల దగ్గర సిరీస్ బోర్డు ఉంటుంది. ఫేజు తీగలో 60 లేక 100 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బును వరుసగా కలిపి, దాని ద్వారా సెట్టుకు కరెంటు ఇస్తారు. ఎల్.ఇ.డి. బల్బు దీనికి పనికిరాదు. బల్బు ఒక్కసారి గట్టిగా వెలిగి మందగిస్తే మంచి గుర్తు. అలాగే గట్టిగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టుంది. బల్బు ఆ భారం మోస్తుంది కాబట్టి సెట్టు కాలదు.

స్పీకరు తగిలించకుండా వాల్వు ఆంప్లిఫయరును ఎప్పుడూ నడపకూడదు. భారం లేకుంటే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజి విపరీతంగా పెరిగి లోపలి చుట్టలు పగులుతాయి. అమ్మేవాడు ఊరికే ఆన్ చేసి "చూడండి, వెలుగుతా ఉంది" అంటే స్పీకరు తగిలించమని అడగండి.

రెండు కాళ్ల ప్లగ్గు ఉంటే మూడు కాళ్ల ప్లగ్గు వేయించి, చట్రాన్ని ఎర్తుకు కలపించాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్లకే ఇది వర్తిస్తుంది. 'యు' రేడియోకు ఇలా చేయకూడదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా పెద్ద కెపాసిటర్లలో కరెంటు మిగిలి ఉంటుంది. మేము చివరికి పుత్తూరు వైపు ఒక పల్లెలో మూసేసిన మైక్ సెట్ అంగడి నుంచి ఇఎల్ 34లు రెండున్న సెట్టు కొన్నాం. దాన్ని బాగుచేసి ఇచ్చిన పెద్దాయన మొదటిరోజే మా చేతులు వెనక్కి లాగి ఇలా అన్నాడు: "ఊరికే ఉండాది గదాని చెయ్యి పెట్టొద్దు నాయనా. కరెంటు తీసేసినా దాపెట్టుకోనుంటాది. ముందు మీటరు పెట్టి చూడాల, సున్నా వచ్చినాకనే ముట్టుకోవాల." ఆయన చదివింది ఐదో తరగతి. మేము ల్యాబులో విన్న పాఠం అంతకన్నా స్పష్టంగా లేదు. ఆయన ఒక రెసిస్టరుకు తొడుగున్న తీగలు కట్టి, దాంతో కెపాసిటర్‌ను ఖాళీ చేసి, మీటరు పెట్టి చూసి, ఆ తర్వాతే స్క్రూడ్రైవరు పట్టేవాడు. రెండో చెయ్యి ఎప్పుడూ వీపు వెనుకే ఉండేది. కరెంటు ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతే దారిలో గుండె ఉంటుంది కదా.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! హాస్టలు గదిలో ఈ పెట్టెను విప్పకండి. అక్కడ ఎర్తు సరిగా ఉందో లేదో తెలియదు, పక్కన చిన్న తరగతుల పిల్లలుంటారు. లోపలి పని తెలిసినవాళ్ల దగ్గరే చేయించండి.

ధర ఎలా లెక్క కట్టాలి?

ధర ఇంతని మేము చెప్పలేం. లెక్క కట్టే పద్ధతి మాత్రం చెప్పగలం.

అడుగున ఉండేది తుక్కు ధర, అంటే ఇనుము, రాగి తూకం. అమ్మేవాడికి అది ఎటూ వస్తుంది. దానిమీద మొదట చూడవలసింది ట్రాన్స్‌ఫార్మర్లు. రెండూ బాగుంటే సెట్టుకు ప్రాణముంది. మీటరుతో చుట్టలు తెగలేదని చూడవచ్చు. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతే అలాంటిదే చుట్టించడం ఖర్చు, కాలం రెండూ తినే పని. తర్వాత వాల్వులు. ఇవి రష్యా, స్లొవేకియా, చైనాల్లో ఇప్పటికీ తయారవుతున్నాయి కాబట్టి ఇఎల్ 34, ఇఎల్ 84, ఇసిసి 83 లాంటివి కొత్తవి దొరుకుతాయి. అంత వాడుకలో లేని వాల్వున్న సెట్టయితే ఆలోచించాలి. కెపాసిటర్లు ఎటూ మార్చాల్సిందే. చివరగా మెకానిక్కు కూలి.

ఈ ఖర్చులన్నీ ముందు కనుక్కుని, కాగితం మీద రాసుకుని, అప్పుడు బేరానికి పోవాలి. విడిభాగాలకు చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్.పి. రోడ్డు, హైదరాబాద్ కోఠి మనకు తెలిసినవే. అక్కడ వాల్వు ధర అడిగి వచ్చినవాడికీ అడగకుండా వచ్చినవాడికీ బేరంలో చాలా తేడా ఉంటుంది. మా సెట్టులో ఒక ఇఎల్ 34 మచ్చ తెల్లబడి ఉంది. అది చూపించి, జత వాల్వుల ధర చెప్పాం. ఆ మేరకు వాళ్లు తగ్గించారు. గొడవ పడలేదు. వస్తువే మా తరఫున మాట్లాడింది.

'యాంటిక్' అనే మాటకు మాత్రం అదనంగా పైసా ఇవ్వకండి. అన్ని పాతవీ విలువైనవి కావు.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. గిటారు ఇప్పుడే నేర్చుకుంటున్నవాళ్లకు వారంటీ ఉన్న చిన్న ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయరు చాలు. వాల్వు సెట్టు లేనంతమాత్రాన పాట ఆగదు. పరీక్ష ఫీజు, కాస్మెటిక్ చార్జీలు, ఇంటికి పంపవలసిన డబ్బు ముట్టుకుని కొనదగ్గ వస్తువు ఇది కాదు. నలుగురు కలిసి కొని, నలుగురూ వాడుకుంటే మంచిది.

చివరిగా

మన ఇళ్లలో చదువుకున్న మొదటి తరం మనం. అమ్మేవాడు చెప్పింది విని, అడిగింది ఇచ్చి రావడం మన పెద్దలకు తప్పలేదు. తూకంలోనూ, కాగితంలోనూ ఏముందో చదివే వీలు వాళ్లకు లేకపోయింది. మనకు ఆ వీలుంది. ఒక వాల్వు మీది మొదటి అక్షరం చదవగలిగితే ప్రాణం నిలుస్తుంది, నాలుగంకెలు చదవగలిగితే డబ్బు నిలుస్తుంది. చదువు ఇలా కూడా ఉపయోగపడాలి.

ఈ విద్య పూర్తిగా తెలిసినవాళ్లు మన పల్లెల్లోనే ఉన్నారు. జాతరల్లో, తిరునాళ్లలో రాత్రుళ్లు నిద్ర మాని మైక్ సెట్లు నడిపినవాళ్లు, రేడియోలు బాగుచేసినవాళ్లు. వాళ్ల వయసు పెరుగుతోంది, అంగళ్లు మూతపడుతున్నాయి. ఎలక్ట్రానిక్స్, ఫిజిక్స్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు సెలవులకు ఊరికి పోయినప్పుడు అలాంటి ఒక పెద్దాయన దగ్గర నాలుగు రోజులు కూర్చోండి. ఆయన చెప్పింది నోటుబుక్కులో రాసుకోండి, సర్క్యూటు బొమ్మ గీసుకోండి. వచ్చే సంవత్సరం సంచికకు ఆ పుటలు పంపండి. పెట్టె కొనడం తర్వాత సంగతి. ముందు ఆ చెయ్యి తిరిగిన పని మనకు అందాలి.